బడి కమిటీ సంతకాలకే పరిమితమా?

ప్రభుత్వ బడిని నడిపించడంలో తల్లిదండ్రులకు వాటా ఉందని చట్టం చెప్పి పదిహేనేళ్లు దాటింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే కావాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరును చూడటం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఈ కమిటీ పనులు. కూలికి వెళ్లే తల్లి చేతికి ఇంత అధికారం ఇచ్చిన చట్టాలు మన దగ్గర చాలా తక్కువ.

ఆచరణలో ఆ తల్లిని బడికి ఎందుకు పిలుస్తున్నారో చూడాలి. సమావేశం పని రోజున, పదకొండు గంటలకు పెడతారు. అప్పటికి ఆమె నాట్లలోనో, ఉపాధి పనిలోనో ఉంటుంది. కబురు అందితే మేస్త్రీని బతిమాలుకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని, కుచ్చిళ్లకు అంటిన బురదతోనే వస్తుంది. అప్పటికే కుర్చీలు నిండిపోయి ఉంటే గడప దగ్గరే నిలబడుతుంది. తీర్మానాల పుస్తకం ముందుకు జరిపి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తారు. సంతకమో, వేలిముద్రో పడుతుంది. పైన ఏం రాశారో ఎవరూ చదివి వినిపించరు. తన కూతురు ఐదో తరగతికి వచ్చినా ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోందని, ఎందుకలా అని అడగాలని ఆమెకు ఉంటుంది. అడిగే సందు దొరకదు. పూట కూలి మాత్రం పోతుంది.

అన్ని బడుల్లోనూ ఇదే తీరని మేం అనడం లేదు. తల్లిదండ్రులను కూర్చోబెట్టి, వాళ్ల మాట విని, వాళ్లతో కలిసి బడిని నిలబెట్టిన ప్రధానోపాధ్యాయులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయితే అది ఆ ఒక్క మనిషి పట్టుదల మీద నడిచే వ్యవహారంగా మిగిలిపోతోంది. ఆయనకు బదిలీ అయితే అంతటితో ఆగిపోతోంది.

బడికి ఊరి అండ కావాలని అందరూ అంటారు. ఆ అండను మాత్రం గోడలు, రంగులు, ఫ్యాన్లు, వాటర్ ప్లాంట్ల వరకే అడుగుతున్నాం. ఏ పిల్లాడు బడికి రావడం లేదు, ఎందుకు రావడం లేదు, వచ్చే పిల్లలకు చదవడం వస్తోందా? ఈ మూడు ప్రశ్నల దగ్గరికి ఊరిని రానివ్వడం లేదు. ఊరికి బాగా తెలిసిన సంగతులు అవే.

దీనికి ఒక కారణం పైకి కనిపిస్తూనే ఉంది. నోరున్న వాళ్లు ప్రభుత్వ బడిని వదిలి వెళ్లిపోయారు. సర్పంచి పిల్లలు, కాస్త పొలం ఉన్న రైతు పిల్లలు, చాలాచోట్ల టీచర్ల పిల్లలు కూడా పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కుతున్నారు. కమిటీలో ఎక్కువమంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే కావాలి కాబట్టి, మిగిలింది దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ కుటుంబాల వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది తాము బడి మెట్లెక్కని వాళ్లే. చదువుకున్న వారి ముందు కూర్చుని ప్రశ్న అడగడం వాళ్లకు అలవాటు లేని పని. అలవాటు చేయాల్సిన బాధ్యత బడిదీ, విద్యాశాఖదీ. కమిటీ సభ్యులకు ఏడాదికోసారి ఒక పూట శిక్షణ అని పిలిచి, భోజనం పెట్టి పంపిస్తే ఆ పని జరగదు.

టీచర్ల వైపు నుంచి కూడా చూడాలి. ఇవాళ బడిలో సగం పని ఫోన్లోనే సాగుతోంది. హాజరు ఫోటో, భోజనం ఫోటో, గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటో. కమిటీ సమావేశం కూడా ఆ వరుసలో అప్‌లోడ్ చేయాల్సిన మరో ఫోటోగా మారితే తప్పు పూర్తిగా టీచరుది కాదు. పై నుంచి అడుగుతున్నది సమావేశం జరిగిందా లేదా అన్న ఒక్క సంగతే. అందులో ఏం మాట్లాడారు, ఏం తేల్చారు అని మండల విద్యాధికారి నుంచి జిల్లా అధికారి దాకా ఎవరూ అడగకపోతే, హెచ్‌ఎం ఒక్కరే ఎంతకాలం పట్టుకుని ఉంటారు?

ఊరు కదిలితే ఏం జరుగుతుందో తెలుగు నేలకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. దాతలు ఇచ్చిన స్థలాల్లో, దాతల పేర్లతో నడుస్తున్న జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఎన్నో. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది స్థానికుల పూనికతోనే. అంతకన్నా దగ్గరి ఉదాహరణ రంగారెడ్డి జిల్లా. అక్కడ బాల కార్మికులను బడికి చేర్చడానికి 1991 నుంచి ఎం.వి.ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పనిని ఇవాళ ప్రతి విద్యాధికారీ మళ్లీ ఒకసారి చదువుకోవాలి. పేదవాళ్లకు పిల్లల సంపాదన మీదే ధ్యాస, చదువు మీద ఆసక్తి ఉండదు అని ఆ రోజుల్లో పెద్ద పెద్ద వాళ్లే అనేవారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా, ఆమెతో నడిచిన ఊరి యువకులు, టీచర్లు ఆ మాట తప్పని గడప గడపకూ తిరిగి తేల్చారు. జీతానికి కుదిర్చిన పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడారు. యజమానులతో మాట్లాడారు. బడి వయసు దాటిపోతున్న పిల్లలకు శిబిరాలు పెట్టి, వాళ్ల ఈడు పిల్లలున్న తరగతిలో కూర్చునేలా తయారుచేశారు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. ఆ కృషికి 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అనుభవం నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటుంది. అక్కడ ఊరిని డబ్బు అడగలేదు. పిల్లలను లెక్కపెట్టమని, వాళ్ల కోసం నిలబడమని అడిగారు.

ఈ మధ్య రెండు ప్రభుత్వాలూ ఊరిని బడి దగ్గరికి తీసుకొచ్చే ప్రయత్నాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు తల్లిదండ్రుల చేతికిచ్చారు. కలిసి భోజనం చేశారు. కూలి తల్లిని కొడుకు చదివే తరగతి గదిలో కూర్చోబెట్టి, వాడి చదువు గురించి టీచరు మాట్లాడటం మంచి పని. దాన్ని మేం స్వాగతించాం. కానీ అంత జనంలో, మైకు మోగుతున్న ఆవరణలో, ఆమెకు దక్కేది కొన్ని నిమిషాలే. ఏడాదిలో మిగిలిన నెలల్లో ఆ మాట కొనసాగాలంటే కమిటీ తప్ప వేరే దారి లేదు. తల్లికి వందనం పథకంలో ఒక్కో విద్యార్థికి ఇచ్చే 15,000 రూపాయల్లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు, పారిశుద్ధ్యానికి వెళ్తున్నాయి. ఆ రెండు వేలు తల్లి పేరు మీద వచ్చిన డబ్బే. తమ బడికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్న లెక్కను నోటీసు బోర్డు మీద రాసి, కమిటీలో చదివి వినిపించాలి.

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలిని కమిటీకి అధ్యక్షురాలిగా పెట్టి, తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతుల పనులు అప్పగించారు. ఆలోచన మంచిదే. పొదుపు సంఘాల మహిళలకు లెక్కలు రాయడం, తీర్మానం చేయడం, మాట నిలబెట్టుకోని సభ్యురాలిని నిలదీయడం ఏళ్ల తరబడి అలవాటైన పనులు. బ్యాంకు మేనేజరుతో మాట్లాడగలిగిన వాళ్లు హెచ్‌ఎంతో మాట్లాడటానికి జంకరు. అలాంటి వాళ్లను సిమెంటు పనుల దగ్గరే ఆపేయడం మా బాధ. ప్రతి నెలా సంఘం కూర్చున్నప్పుడు అప్పుల వాయిదాలతోపాటు బడి మానేసిన పిల్లల సంగతి కూడా ఒక అంశంగా పెడితే, ఏ ఇంట్లో ఆడపిల్లకు పెళ్లి మాటలు నడుస్తున్నాయో, ఏ పిల్లాడు మెకానిక్ షెడ్డుకు పోతున్నాడో ఆ గదిలోనే తెలిసిపోతుంది.

ఇక పూర్వ విద్యార్థులు. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా పదో తరగతి బ్యాచుల సమ్మేళనాలే. పాతికేళ్ల తర్వాత కలుసుకుని, పాఠాలు చెప్పిన మాస్టార్లకు శాలువాలు కప్పి, గ్రూపు ఫోటో దిగి, బడికి ఒక వేదికో, సౌండ్ సిస్టమో, సరస్వతీదేవి విగ్రహమో ఇచ్చి వస్తున్నారు. అమెరికాలో స్థిరపడిన వాళ్లు ఇంకాస్త ఎక్కువ పంపుతున్నారు. ఈ అభిమానం నిజమైనది, దీన్ని చిన్నచూపు చూడకూడదు. మేం కోరేది ఒక్కటే. ఏం కావాలో ముందుగా బడి కమిటీని అడగండి. కొన్నిచోట్ల కావాల్సింది వేదిక కాకపోవచ్చు. పది పాసైన నలుగురు అమ్మాయిలకు ఇంటర్ కాలేజీకి వెళ్లే బస్సు పాసు కావచ్చు. లేదా ఆ బ్యాచ్‌లో నర్సుగా పనిచేస్తున్న ఆమె, లైన్‌మన్‌గా పనిచేస్తున్న ఆయన నెలకోసారి వచ్చి, తాము ఏం చదివి అక్కడికి చేరారో పిల్లలకు చెప్పడం కావచ్చు. ఇంట్లో మొదటిసారి పది దాటుతున్న పిల్లకు, ముందు ఏ కోర్సులో చేరాలో చెప్పే మనిషి ఎవరూ ఉండరు. ఆ టెన్షన్లో చాలామంది చదువే వదిలేస్తున్నారు.

ఊళ్లో యువత కూడా ఉన్నారు. డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుకుంటూ ఇంటి దగ్గరున్న డిగ్రీ కుర్రాళ్లు, అమ్మాయిలు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. ఇలాంటి పిల్లలకు సాయంత్రం గంట సేపు పక్కన కూర్చుని చదివించే అన్నో, అక్కో కావాలి. ఆ గంటకు చోటు కూడా ఉంది. ఊరి గ్రంథాలయం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా మనం కడుతూనే ఉన్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయక బకాయిలు పేరుకుపోతున్నాయి. చదివించే యువతకు పంచాయతీ కొంత గౌరవ వేతనం ఇస్తే, గ్రంథాలయంలో లైటూ బెంచీలూ ఉంటే, ఇది రేపే మొదలుపెట్టగలిగిన పని.

వీటన్నిటికీ అసలు పరీక్ష కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద. రాష్ట్రంలో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. వాన మీదే ఆధారపడిన సేద్యం. ఖరీఫ్ పని అయిపోయాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి కోసం వలసకు, బయల్దేరతాయి. ఎక్కువమంది గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తారు. బియ్యం మూట, వంట గిన్నెలు, చాపలు, ప్లాస్టిక్ పట్టా వాహనంలోకి ఎక్కుతాయి. వాటి మధ్యే పిల్లలూ ఎక్కుతారు. పదేళ్ల పిల్ల చంకలో చెల్లెలు ఉంటుంది. అమ్మ కాయ కోస్తుంటే చంటిదాన్ని ఎత్తుకుని గట్టున కూర్చోవడం ఆ పిల్ల పని. కాస్త పెద్దదైతే తనూ కోతకు దిగుతుంది. ఇక్కడ బడిలో టీచరు సగం బెంచీలకు పాఠం చెబుతారు. వేసవి దగ్గరపడ్డాక పిల్లలు తిరిగొచ్చేసరికి తరగతి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. రెండు మూడేళ్లు ఇలా గడిస్తే బడి ఆ పిల్లదిగా ఉండదు.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఊళ్లో పని లేదు, అప్పు ఉంది, పిల్లను ఎవరి దగ్గర వదలాలి? సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి చోట్ల, వలస నెలల్లో పిల్లలు ఉండేందుకు సీజనల్ హాస్టళ్లు నడిపే వీలుంది. అవి మూటాముల్లె సర్దకముందే తెరిస్తే పిల్లలు నిలుస్తారు. బండి కదిలిపోయాక తెరిస్తే గదులు ఖాళీగా ఉంటాయి. ఎవరు వెళ్తున్నారు, ఎప్పుడు వెళ్తున్నారు, ఏ ఇంట్లో అవ్వ ఉండి పిల్లను చూసుకోగలదు, ఏ పిల్లకు హాస్టల్ తప్ప దారి లేదు అన్న సమాచారం అమరావతిలో ఉండదు. అది ఆ వీధిలోనే ఉంటుంది. బడి కమిటీ దసరా సెలవులకు ముందే కూర్చుని, ఇంటింటి పేర్లతో జాబితా రాసి మండల విద్యాధికారికి ఇవ్వాలి. ఆ జాబితా చూసి ఎన్ని హాస్టళ్లు, ఎక్కడ అన్నది కలెక్టర్ తేల్చాలి. అవ్వ దగ్గర ఉండిపోయే పిల్లలకు పొద్దున టిఫిన్, రాత్రి భోజనం కూడా బడిలోనే పెట్టే ఏర్పాటు చేస్తే ఎన్నో ఇళ్లలో పిల్లలు ఆగిపోతారు. ఈ కమిటీ సమావేశాలు చీకటి పడ్డాక, కూలి నుంచి జనం తిరిగొచ్చాక జరగాలి. తీర్మానం చదివి వినిపించాకే సంతకం అడగాలి.

గుంటూరు, పల్నాడు జిల్లాల మీద కూడా బాధ్యత ఉంది. ఒక బడి నుంచి ఇంకో బడికి మారే హక్కును, కాగితాలు ఆలస్యమైనా చేర్చుకోవాల్సిన బాధ్యతను విద్యాహక్కు చట్టంలోని ఐదో సెక్షన్ స్పష్టంగా చెప్పింది. కోతలు మొదలైన వారంలోనే అక్కడి బడి కమిటీలు, మహిళా సంఘాలు మిరప చేల గట్ల మీదకు వెళ్లి, కర్నూలు నుంచి వచ్చిన పిల్లలెందరో చూసి, దగ్గరి బడిలో కూర్చోబెట్టాలి. వాళ్లకూ మధ్యాహ్న భోజనం పెట్టాలి. రెండు వైపుల విద్యాధికారులు ఆ జాబితాలు ఒకరికొకరు పంపుకోవాలి. ఈ ఏడాది సుగ్గి బండ్లు కదలకముందే విద్యాశాఖ ఈ ఉత్తర్వు ఇవ్వాలని మేం కోరుతున్నాం.