రంగు పోయింది సరే, నీళ్లు బాగుపడ్డాయా?

సీసాలో నీలం రంగు నీళ్లు. అందులో చిటికెడు నల్ల పొడి, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి కుదిపారు. మేం టీ తాగి వచ్చేసరికి నీలం విరిగిపోయింది. సీసాకు అయస్కాంతం ఆనిస్తే పొడంతా ఆ పక్కకే అతుక్కుంది, తేట నీళ్లు వంచేశారు. అద్దకం మురుగు నీళ్లను శుభ్రం చేసే పద్ధతి అంటూ గుంటూరులో తెలిసిన లెక్చరర్ గారి ల్యాబ్‌లో చూపించారిది. ఆ నీళ్లు ఎక్కడివని అడిగితే, "డిస్టిల్డ్ వాటర్లో మిథిలిన్ బ్లూ అనే రంగు కలిపామండీ" అన్నారు. నా పేచీ అక్కడే.

ఆ పొడి మాగ్నెటైట్, అంటే ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు. ఇనుము, పెరాక్సైడ్ జోడీ సత్తా 1894లోనే ఫెంటన్ చూపించాడు. రెండూ కలిస్తే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (క్షణం నిలవని, మహా చురుకైన అణువు ముక్క) ఎదురుపడ్డ కర్బన అణువునల్లా కొరికేస్తుంది. పాత పద్ధతిలో కరిగిన ఇనుము చివరికి తుప్పురంగు బురదై మిగిలేది. రేణువైతే ఏరుకుని మళ్లీ వాడొచ్చు.

ఇవే రేణువులు, పెరాక్సైడ్‌ను వాడుకుని టెస్టులో రంగు పుట్టించే పెరాక్సిడేజ్ ఎంజైమ్ పని కూడా చేస్తాయని 2007లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. విజయవాడ సూర్యారావుపేట ల్యాబుల్లో షుగర్ టెస్టుకు వాడే రియేజెంట్‌లో ఉండేది ఆ ఎంజైమే. ఫ్రిజ్‌లో ఉంచాలి, మే నెలలో కరెంటు పోతే టెన్షన్. ఇనుప రేణువుకు ఆ బాధ తక్కువ. టెస్ట్ కిట్లలో ఇవి నిలదొక్కుకుంటాయనే నా నమ్మకం. అక్కడ వాడేది చుక్కల్లో, ద్రావణం మనం కలుపుకున్నదే.

అద్దకం మురుగు నీళ్ల సంగతి వేరు. మంగళగిరి నూలుకు రియాక్టివ్ రంగు పట్టించాలంటే తొట్టిలో ఉప్పు, సోడా యాష్ పడాల్సిందే. ఆ నీళ్లు క్షారం. రేణువులు చురుగ్గా పనిచేసేదేమో ఆమ్లంలో, పీహెచ్ 3, 4 దగ్గర. అంటే ముందు యాసిడ్ పోయాలి, వదిలే ముందు సున్నం కలపాలి. చిన్న అద్దకం షెడ్డు ఆ ఖర్చు ఎక్కడ భరిస్తుంది? యాసిడ్‌తో సోడా విరుగుతుంది గానీ ఉప్పు పోదు. అందులోని క్లోరైడ్ రాడికల్స్‌ను మధ్యలోనే మింగేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. రంగునిచ్చే బంధం తెగితే చాలు, కంటికి నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అణువు ముక్కలు మాత్రం అందులోనే ఉండొచ్చు. సీఓడీ (నీళ్లలో మిగిలిన కర్బన పదార్థాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందనే లెక్క) కొలవకుండా "99 శాతం తొలగింపు" అంటే నేను ఒప్పుకోను.

ఈసారి మంగళగిరి తొట్టి నీళ్లు ఒక బకెట్ తెచ్చి చూడమన్నాను. ఆయన నవ్వేశారు. "వాటితో గ్రాఫు ఇంత అందంగా రాదండీ!"