జాతర లేని రోజుల్లోనూ కలిసి నడుద్దాం

ఒడిశాలోని మన బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశిబెహరా వీధిలో కట్టిన తాత్కాలిక గుడికి వస్తుంది. అది ఆమెకు పుట్టిల్లు. ఆ పుట్టింటివాళ్లు తెలుగు నేతకారులు. ఆ మూడు నాలుగు వారాలూ పొద్దు వాలగానే ఘటాలు వీధి వీధికీ తిరుగుతాయి, వాటి వెనక బరంపురం అంతా నడుస్తుంది. నడిచి నడిచి కాళ్లు నొప్పులు పుట్టిన తెలుగు ముసలమ్మ ఎవరో ఒడియావాళ్ల అరుగు మీద కూలబడితే, లోపలి నుంచి మంచినీళ్లు వస్తాయి. ఆమె ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

జాతర ముగిశాక ఎవరి సాహి, అంటే ఎవరి వీధి, వాళ్లది. పక్క సాహిలో ఎవరుంటున్నారో తెలియకుండానే మళ్లీ రెండేళ్లు గడిచిపోతాయి.

ఆ రెండేళ్ల ఖాళీ గురించే మా బాధ. ప్రతి ఆదివారం పొద్దున ఒక గంట, ఒక్కో వారం ఒక్కో పేటలో, తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి నడవాలని మా కోరిక.

ఊళ్లో ఇప్పటికే చాలామంది వాకింగ్ చేస్తున్నారు కదా అనవచ్చు. చేస్తున్నారు. షుగరో బీపీయో బయటపడ్డాక డాక్టర్ చెప్పారని మైదానం చుట్టూ తిరుగుతున్నారు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ల నడక ఆ లెక్కకు సరిపోతుంది. కానీ మనుషుల్లో ఆరుగురికి ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో చెప్పిందీ ఆ సంస్థే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వేసే పది రౌండ్లు దానికి మందు కాదు. మన గంజాం జిల్లాలోనూ ఈ బాధ ఉంది. కొడుకు సూరత్ మగ్గాల మీద ఉంటాడు, కూతురు భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. ఇంట్లో మిగిలిన ఇద్దరు పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద మాట్లాడే బయటి మనిషి పాలవాడొక్కడే.

ఇలాంటి నడకలు వేరే చోట్ల బాగానే సాగుతున్నాయి. జేన్ జేకబ్స్ అనే ఆవిడ న్యూయార్క్‌లో, తర్వాత టొరంటోలో, పేటలను చీల్చుకుంటూ వెళ్లే పెద్ద రోడ్లకు ఎదురు నిలిచింది. వీధిలో మనుషులు తిరుగుతూ, అరుగుల మీద కూర్చుని చూస్తూ ఉంటేనే ఆ వీధికి భద్రత అని ఆమె వాదన. 2006లో ఆమె పోయాక, మరుసటి ఏడాది టొరంటోలో ఆమె పేరున నడకలు మొదలయ్యాయి. టికెట్ లేదు, గైడ్ లేడు. ఆ పేటలో ఉండేవాళ్లే ముందు నడిచి తమ వీధి గురించి చెబుతారు. మన దేశంలో అహ్మదాబాద్ పాత నగరంలో 1997 నుంచి, భువనేశ్వర్ పాత బస్తీలో 2016 నుంచి వారసత్వ నడకలు ఉన్నాయి. అవి మంచివే. అయితే అవి ముఖ్యంగా ఊరు చూడవచ్చినవాళ్ల కోసం. మన ఊరిని మనమే చూడాలన్నది మా మాట.

చూడటానికి ఏముందంటారా? నేత వీధిలోకి వెళ్లి మగ్గం ముందు నిలబడండి. బరంపురం పట్టు చీరకూ, మగవాళ్లు కట్టే జోడుకూ 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ అంచు మీది కుంభం డిజైన్ ఎలా పడుతుందో ఈ ఊళ్లో పుట్టిన మన పిల్లల్లో ఎంతమంది చూశారు? ఇంకో ఆదివారం 1856 నాటి ఖల్లికోట కళాశాల వైపు వెళ్లవచ్చు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో ఇక్కడే పుట్టారని దారిలో పిల్లలకు చెప్పవచ్చు. గోపాలపురం పాత రేవు దగ్గర నిలబడితే, అక్కడ ఓడెక్కి రంగూన్ వెళ్లిన తాతముత్తాతల కథలు రెండు భాషల్లోనూ వినిపిస్తాయి. 1936లో ఒడిశా వేరు పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. గీత గీశారు కానీ ఇళ్లు కదల్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా చదవడం రాని మన పిల్లలకు, ఆ కథలు వినే గంట ఎంతో విలువైనది. పక్కన నడిచే ఒడియా పిల్లలకూ అంతే.

గుంపుగా నడిస్తే వీధిలోని లోపాలూ కనబడతాయి. పలక ఊడిన మురుగు కాలువ, దుకాణం సామాను ఆక్రమించిన ఫుట్‌పాత్, వెలగని దీపం. ఒక్కరు ఫిర్యాదు చేస్తే వచ్చే జవాబు వేరు, నలభై మంది కలిసి చెబితే వచ్చే జవాబు వేరు. ముఖ్యంగా ఆడవాళ్లు తెల్లవారుజామున ధైర్యంగా బయటికి రావాలంటే దీపాలు వెలగాలి. అది నగరపాలక సంస్థ వెంటనే చేయవలసిన పని.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు ఊళ్లో కరెంటు లేదు, రోడ్ల నిండా పడిపోయిన చెట్లు. అప్పుడు జనం వీధుల్లోకి వచ్చి, పక్కింటివాళ్లు ఎలా ఉన్నారో చూసుకున్నారు, కొమ్మలు నరికి దారి చేసుకున్నారు, నీళ్లు పంచుకున్నారు. తుపాను మళ్లీ వస్తుంది, ఈ తీరానికి అది తప్పదు. ఏ ఇంట్లో మంచం దిగలేని మనిషి ఉన్నారో, ఎవరి బావిలో నీళ్లు ఉన్నాయో ఆ రోజుకు ముందే తెలిసి ఉండాలి.

దీనికి సంఘం రిజిస్టర్ చేయనక్కర్లేదు, చందా అక్కర్లేదు. తెలుగు సంఘాలూ ఒడియా యువజన సంఘాలూ కలిసి ఒక పేట ఎంచుకుంటే చాలు. ఎండ ముదరకముందే, వేసవిలో అయిదున్నరకే బయలుదేరాలి. దారిలో రెండు చోట్ల కూర్చోవడానికి అరుగులు చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎంత మెల్లగా నడిస్తే అందరూ అంతే మెల్లగా నడవాలి. మొదటి నడక దేశిబెహరా వీధి నుంచే మొదలైతే బాగుంటుంది.