పండ్ల సారం కలిసిన సీసా గారికి

మహారాజశ్రీ దానిమ్మ సారం కలిపిన ప్రోబయోటిక్ సీసా గారికి,

బెంగళూరు మారతహళ్లి, మూడో అంతస్తు నుంచి మీ నిత్య వినియోగదారుడు నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. మీ లోపల కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియా కోట్లమంది ఉన్నారని లేబుల్ చెబుతోంది, అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పండి. ఆ పేర్లతోనే చిక్కనుకోండి. 2020లో శాస్త్రవేత్తలు మీ లాక్టోబాసిల్లస్ ఉమ్మడి కుటుంబాన్ని 25 వాటాలు వేసి ఇంటిపేర్లు మార్చేశారు. నిన్నటి లాక్టోబాసిల్లస్ కేసియై ఇప్పుడు లాక్టికేసిబాసిల్లస్ కేసియై. అది పలికేలోపు పాలు తోడుకుంటాయి.

అసలు సంగతికి వస్తాను. మీ ఒంటి మీద చీల్చిన దానిమ్మ బొమ్మ, కింద 'మంచి బ్యాక్టీరియాకు పండ్ల బలం' అన్న మాట. వెనక్కి తిప్పితే చీమ తలకాయలంత అక్షరాలు. ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదివాను. చక్కెరది రెండో స్థానం. దానిమ్మ ఎక్కడో అడుగున, నిమ్మ ఉప్పుకూ రంగుకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

అనంతపురం నుంచి సంచినిండా దానిమ్మలతో దిగిన మా అమ్మ, "బొమ్మ తాగడమెందుకురా, పండు తిను" అంది. ఇంజనీరును కదా, తినకుండా ప్రయోగం చేశాను. నాలుగు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోసి, అన్నింటికీ ఒకే పెరుగుతో తోడు పెట్టాను. ఒకటి ఉత్తది. రెండో దాంట్లో చెంచాడు అరటిపండు గుజ్జు, మూడో దాంట్లో దానిమ్మ తొక్కల చిక్కటి కషాయం, నాలుగో దాంట్లో అనాస ముక్కలు. తెల్లవారేసరికి మొదటి రెండూ గడ్డగా తోడుకున్నాయి. కషాయం గిన్నె తోడుకోలేదు, విరగనూ లేదు, త్రిశంకు స్వర్గంలో ఉంది. అనాస గిన్నె విరిగి చేదెక్కింది. అందులో మీ వాళ్ల తప్పేమీ లేదు, పాల మాంసకృత్తులను నమిలేసే ఎంజైము ఆ పండులోనే ఉంది.

అరటికి పూర్తి మార్కులు వేయబోయి ఆగాను. మన పేగులు అరిగించుకోలేని చక్కెర గొలుసులు అందులో ఉన్న మాట, మంచి బ్యాక్టీరియాకు అవి మేత అన్న మాట నిజమే. కానీ గిన్నెనిండా పాల చక్కెర ఉండగా వాళ్లకు అరటి ఎందుకు? పెళ్లిభోజనంలో కూర్చున్నవాడికి బిస్కెట్టు పెట్టినట్టు. దానిమ్మ తొక్కలోని టానిన్లనే వగరు పదార్థాలది మరో కథ. కొంచెమైతే కొందరు ఓర్చుకుంటారు. మోతాదు పెరిగితే చెడ్డ సూక్ష్మజీవులతో పాటు మీ వాళ్ల గొంతూ పట్టుకుంటాయి. మీ వాళ్లలోనే ప్లాంటారం లాంటి గట్టిపిండాలు మాత్రం టానిన్లనే విడగొట్టేయగలవు. అందుకే ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు మీ వాళ్లను ఎంఆర్‌ఎస్ అనే 1960 నాటి మేత మీద, 37 డిగ్రీల వెచ్చదనంలో రెండు రోజులు పెంచి, చుక్కలు చుక్కలుగా తేలిన గుంపులను ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఏ పండు, అందులో ఏ భాగం, ఎంత, ఎవరికి అని తెలిస్తే తప్ప వాళ్లు నోరు విప్పరు. మీరేమో రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఇంకొక్కటి. పండ్ల పులుపులో వారాల తరబడి నిలవుంటే మీ జనాభా తగ్గుతూ పోతుంది కదా? మరి లేబుల్ మీద కోట్ల లెక్క సీసా నింపిన రోజుదా, గడువు తీరే రోజుదా? మిమ్మల్ని కొన్న రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. దుకాణం ఫ్రిజ్‌లో మీ పక్కన ఐస్‌క్రీము కరిగి మీ కాళ్ల మీదికి కారుతోంది. ఆ జనాభా లెక్కలు ఎవరు రాసుకున్నారు?

అమ్మ నిన్న ఊరికి వెళ్లింది. వెళ్లేముందు మిమ్మల్ని వేడినీళ్లతో కడిగి, ఊరి నుంచి తెచ్చిన పెరుగు తోడుకని నింపి, ఫ్రిజ్ తలుపులో నిలబెట్టింది. దానిమ్మ బొమ్మ మీద బాల్‌పెన్నుతో రాసి ఉంది: 'తోడు. ఆదివారం.'

ఇట్లు,
దానిమ్మలు ఇంకా నాలుగు మిగిలినవాడు