గాలి తీయడానికో కమిటీ

బరంపురంలో ఒక ల్యాబ్. అందులో హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషిన్) పంపు నెల రోజులుగా మొరాయిస్తోంది. ప్రెషర్ ఊగిపోతోంది, గ్రాఫులో తిన్నగా ఉండాల్సిన బేస్‌లైన్ వణుకుతోంది. ద్రావణాన్ని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వులో గాలి బుడగ చిక్కింది. మొబైల్ ఫేజ్‌లోంచి, అంటే పంపు తోసే నీళ్లు-మిథనాల్ ద్రావణంలోంచి, గాలి తీయాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలా తీయాలన్న దగ్గరే కమిటీ పడింది. 1936లో ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి పోయినప్పుడు కూడా ఇన్ని మీటింగులు జరిగి ఉండవు.

అసలు సంగతి చిన్నదే. నీళ్లలోనూ మిథనాల్‌లోనూ విడివిడిగా కొంత గాలి కరిగి ఉంటుంది. రెండూ కలిపితే అంత గాలికి చోటు చాలదు, మిగిలింది బుడగై బయటపడుతుంది. మా ఇళ్లలో తెలుగూ ఒడియా ఒకే వాక్యంలో ఏ బుడగా లేకుండా కలిసిపోతాయి. ద్రావణాలకు ఆ పెంపకం లేదు.

కమిటీలో పెద్దాయన ఓటు సోనికేటర్‌కి, అంటే శబ్ద తరంగాలతో ద్రావణాన్ని కుదిపే నీళ్ల తొట్టికి. గుయ్యిమని మోగుతుంది, నీళ్లు వేడెక్కుతాయి, పని జరుగుతున్నట్టు వరండా దాకా వినిపిస్తుంది. తీసే గాలి మహా అయితే 30 శాతం, అదీ సీసా పక్కన పెడితే మెల్లగా తిరిగొచ్చేస్తుంది. "మోత వినపడకపోతే పని జరిగిందని ఎలా నమ్మమంటావు నాయనా?" అన్నారాయన. ఆయన సర్వీసంతా ఆ సూత్రం మీదే నడిచింది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

వాక్యూమ్ ఫిల్ట్రేషన్ 60 శాతం దాకా తీస్తుంది, వడగట్టడమూ అయిపోతుంది. ఒకే పనికి రెండు లాభాలుంటే ఏ రిజిస్టర్‌లో ఎక్కించాలో తేలక వదిలేశారు.

హీలియం బుడగలు పంపితే 80 శాతం వరకూ పోతుంది. అకౌంట్స్ ఆయన గుండె పట్టుకున్నాడు: "డబ్బులిచ్చి కొన్నది గాల్లోకి వదిలేస్తారా సార్? ఆడిట్‌కి ఏం చూపించను?" లీటరు ద్రావణానికి ఇంచుమించు లీటరు హీలియం చాలు. కానీ మనవాళ్లు టీకి వెళ్తూ వాల్వు తిప్పి, భోజనాలయ్యాక గుర్తు చేసుకుంటారు. ఆలోగా మిథనాల్ కూడా కొంత ఆవిరై, గ్రాఫులో ఒక్కో పదార్థాన్ని చూపే పీకులు (శిఖరాలు) చోటు మారిపోతాయి. కాబట్టి ఆయన ఏడుపులో న్యాయం ఉంది.

ఇక పంపు పక్కనే ఓ పెట్టె, ఆన్‌లైన్ డీగాసర్. లోపల సన్నటి పొర గొట్టం, చుట్టూ వాక్యూమ్. ద్రావణం గొట్టంలో పోతుంటే గాలి పొర దాటి వెళ్లిపోతుంది. మెషిన్‌తోపాటే వచ్చింది. మోత లేదు కనుక పెద్దాయన నమ్మలేదు, బిల్లు లేదు కనుక అకౌంట్స్ ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఏకగ్రీవ తీర్మానం: ఇంకో సోనికేటర్ కొనాలి. 30కి 30 కలిపితే 60. టెండర్ పిలిచారు. ఈలోగా కరెంటు ఆదా కోసం డీగాసర్ స్విచ్ ఆపేశారు.