సంతకాన్ని చివర్లో చూడండి

కళాత్మకమైన గాజు పాత్ర చేతికి రాగానే చాలామంది దాన్ని తిరగేసి, అడుగున పేరు వెతుకుతారు. పేరు కనబడితే అసలైనదనీ, లేకపోతే నకిలీదనీ అక్కడికక్కడే తేల్చేస్తారు. ఈ పద్ధతి మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. గాజు మీద పేరు చెక్కడానికి వజ్రపు మొన ఉన్న చిన్న పరికరం చాలు. అంత తేలిగ్గా చేసే మోసం ఈ రంగంలో ఇంకొకటి లేదు.

ఫ్రాన్స్‌కు చెందిన గాజు కళాకారుడు ఎమిల్ గాలే పాత్రలే తీసుకోండి. రంగురంగుల పొరల గాజును యాసిడ్‌తో తొలిచి, పూలూ తూనీగలూ ఉబ్బెత్తుగా తేలేలా చేసిన పని అది. 1904లో ఆయన పోయాక కొన్నాళ్లు పేరు పక్కన చిన్న నక్షత్రం చేర్చారు. కార్ఖానా ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. కాబట్టి సంతకం నిజమైనదే అయినా, ఆ పాత్రను ఆయన కళ్లారా చూసి ఉండకపోవచ్చు. చాలాకాలం తర్వాత రొమేనియాలో అదే తరహాలో పాత్రలు చేసి, ‘గాలే తరహా’ అని అర్థమొచ్చేలా పేరు పక్కన ‘టిప్’ అని రాశారు. అందులో దాపరికం లేదు. ఆ చిన్న మాటను అరగదీసి అమ్మినవాళ్లది మోసం. అలాంటి పాత్రను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, పేరు పక్కన వేలితో మెల్లగా తడమండి. చుట్టూ ఉన్న గరుకుతనం అక్కడ ఒక్కచోట లేకపోయినా, కాస్త పల్లం తగిలినా అనుమానించాల్సిందే.

బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) లోట్జ్ గాజు కార్ఖానా నుంచి నెమలికంఠం రంగుల్లో మెరిసే గొప్ప పాత్రలు పేరు లేకుండానే ఎన్నో వచ్చాయి. వాటి మీద అలాంటి మెరుపు గాజుకే పేరుపొందిన అమెరికా సంస్థ టిఫానీ పేరు చెక్కి అమ్మడం పాత విద్యే. మంచి వస్తువును దొంగ పేరుతో పాడు చేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి ఏం చూడాలి? ముందు పాత్ర అడుగుభాగం చూడండి. ఊదిన పాత్రను ఇనుప కడ్డీ నుంచి విడదీసినచోట మచ్చ మిగులుతుంది, లేదా దాన్ని అరగదీసి నునుపు చేసిన గుంట ఉంటుంది. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం పెడితే ఇంకా చాలా తెలుస్తుంది. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన పాత్రకు, నేలను తాకే అంచు మీదే గీతలు పడతాయి. అవి అన్ని దిక్కులా, కొన్ని లోతుగా, కొన్ని పైపైన ఉంటాయి. గీతలన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉన్నా, బల్లకు తగలనిచోట కూడా కనిపించినా అది గరుకు కాగితం పనే.

అతినీలలోహిత దీపం మీద అతిగా ఆధారపడకండి. యురేనియం కలిసిన గాజు దాని కింద ఆకుపచ్చగా వెలుగుతుంది, నిజమే. కానీ అలాంటి గాజు ఇప్పటికీ తయారవుతోంది, కాబట్టి ఆ వెలుగు పాతదనానికి రుజువు కాదు.

అచ్చు భాగాలు కలిసినచోట పడే అతుకు గీత కనిపించగానే పనికిరానిదని పక్కన పెట్టేయడమూ తప్పే. ఫ్రెంచ్ రూపకర్త రెనే లాలిక్ గాజులో చాలాభాగం అచ్చుల్లో చేసిందే. దాని విలువ ఆ రూపకల్పనలో ఉంది. ఆయన 1945లో మరణించాక పేరు ముందున్న ‘ఆర్’ తీసేశారు. తర్వాతి పాత్రలకు ఆ అక్షరం తగిలించి వయసు పెంచేవాళ్లున్నారు, జాగ్రత్త.

చేత్తో చేసింది అన్నప్పుడు ఎవరి చెయ్యి అనే ప్రశ్న కూడా వస్తుంది. అమెరికా గాజు కళాకారుడు డేల్ చిహూలీ 1976లో కారు ప్రమాదంలో ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. 1979లో భుజానికి గాయమయ్యాక ఊదే పని బృందానికి అప్పగించారు. అంతమాత్రాన ఆ పని విలువ తగ్గిందని నేననను. కొలిమి దగ్గర ఒంటరిగా జరిగే పని చాలా తక్కువ.

మురానో స్టిక్కర్ గురించి ఒక్క మాట. 1291లో అగ్నిప్రమాదాల భయంతో ఇటలీలోని వెనిస్ నగరం తన గాజు కొలిములను పక్కనే ఉన్న మురానో దీవికి తరలించింది. ఆ పేరుకున్న గిరాకీ వల్లే దొంగ స్టిక్కర్లు పుట్టాయి. 1994 నాటి ప్రాంతీయ చట్టంతో అధికారిక ముద్ర వచ్చింది. అయితే అంతకు ముందు చేసిన పాత్రల మీద అది ఉండదు, కనుక లేనంత మాత్రాన నకిలీ అనకూడదు.

పెద్ద ధర పెట్టేటప్పుడు మాత్రం ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, పెచ్చు ఊడినచోట అంచు అరగదీశారా అన్నవి రసీదు మీద రాసిమ్మనండి. నోటితో గట్టిగా చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి వెనకాడితే ఆ ధరకు కొనకండి.