లాగుడు తాడు గారికి, తెగిన మరునాడు

మహారాజశ్రీ పుల్ స్టార్ట్ తాడు గారి సముఖానికి,

నమస్కారములు. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇక్కడ నేను క్షేమంగా లేను. కుడి భుజం పైకి లేవడం లేదు, చూపుడు వేలి మొదట్లో పొక్కు చిట్లింది, ఈ ఉత్తరం ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను. అక్కడ తమరూ క్షేమంగా లేరని నాకు తెలుసు. తమరిలో సగం పిడితో సహా నా టేబుల్ మీద ఉన్నారు. మిగతా సగం ఇంజిను వెనకాల ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ముడుచుకుని ఉన్నారు.

కారు కొన్న రోజు తమరికి గుర్తుండే ఉంటుంది. నైట్రో కారును, అంటే రిమోట్‌తో నడిపే ఈ చిన్న ఇంజిను బొమ్మ కారును, రగిలించడానికి మూడు దారులున్నాయని దుకాణంలో చెప్పారు. ఇంజిను వెనక రంధ్రంలో ఆరుపలకల కడ్డీ దూర్చి మోటారుతో గిర్రున తిప్పే రోటో స్టార్ట్ ఒకటి. కారును పీట మీద పెళ్ళికొడుకులా కూర్చోబెట్టి, కింద నుంచి రబ్బరు చక్రంతో ఫ్లైవీల్‌ను, అంటే ఇంజినుతో పాటు తిరిగే బరువు చక్రాన్ని, తిప్పే స్టార్టర్ బాక్స్ ఒకటి. తమరు మూడోవారు. మొదటిదానికి ఛార్జి చేసిన బ్యాటరీ కావాలి. రెండోదానికి బ్యాటరీతో పాటు నా జేబులో లేని డబ్బు కూడా కావాలి. "ఇదైతే ఏమీ అక్కర్లేదు సార్, లాగితే చాలు" అని దుకాణదారు తమరి పిడిని నా చేతికి అందించాడు. ఏమీ అక్కర్లేదన్న మాట వినగానే నాలోని మధ్యతరగతి మనిషి కరిగిపోయాడు.

లాగితే చాలట. ఎంత లాగాలో, ఎన్నిసార్లు లాగాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పెట్టెలోని కాగితంలో మాత్రం ఉంది, 12 అంగుళాలకు మించి లాగరాదని. అంటే జానెడున్నర కూడా కాదు. మొదటి పదిసార్లూ మనిషి మర్యాదగా జానెడే లాగుతాడు. ఇరవయ్యోసారికి అది మూరెడవుతుంది, ముప్పయ్యోసారికి బారెడు. కోపం వచ్చినవాడు స్కేలు పట్టుకుని లాగుతాడా?

నిన్న ఆదివారం. శంకర్‌పల్లి వైపు ఒక వెంచర్. ఇళ్ళు లేవు కానీ రోడ్లున్నాయి, వీధి దీపాల స్తంభాలున్నాయి, ఏనుగు బొమ్మలతో పెద్ద కమాను ఉంది. హైదరాబాదు చుట్టూ ఇలాంటి వెంచర్లను మాలాంటి వాళ్ళ కోసమే వేశారేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. డిసెంబరు పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. మా చెల్లెలు ఇడ్లీల డబ్బాతో వచ్చింది, బావ వచ్చాడు, పదకొండేళ్ళ మేనల్లుడు పుట్టినరోజుకు వచ్చిన ఎలక్ట్రిక్ కారు పట్టుకొచ్చాడు. వాడు మీట నొక్కాడు, కారు వెళ్ళిపోయింది. ఆ కారు గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు, నా దృష్టిలో అదే దాని లోపం.

నేను కారును రోడ్డు మీద పెట్టి కార్యక్రమం మొదలుపెట్టాను. ట్యాంకులో ఇంధనం పోశాను. 20 శాతం నైట్రోమీథేన్, మిగతాది మిథనాల్, కాస్త నూనె, ఆ నూనెలో కొంత అచ్చమైన ఆముదం. పొగ గొట్టం చివర వేలు పెట్టి మూసి, ఇంధనం కార్బురెటర్ దాకా ఎక్కేలా తమరిని లాగాను. నాలుగుసార్లు చాలు. అప్పుడే మా చెల్లెలు చట్నీ కావాలా అని అడిగింది. మాట్లాడుతూ ఎనిమిదిసార్లు లాగినట్టున్నాను. తర్వాత ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్ నెత్తిన, దాన్ని ఎర్రగా కాల్చే ఇగ్నైటర్ తగిలించి అసలు లాగుడు మొదలుపెట్టాను.

చుర్ర్. ఏమీ లేదు.

చుర్ర్. ఏమీ లేదు.

పదిహేనోసారికి చొక్కా చేతులు మడిచాను. ఇరవై రెండోసారికి "బావా, నెట్టి స్టార్ట్ చేద్దామా?" అన్నాడు మా బావ, ఇడ్లీ నోట్లో ఉండగానే. ముప్పయ్యోసారికి ఎవరో దారిన పోయే పెద్దమనిషి బైకు ఆపి, దిగకుండానే, "గట్టిగా లాగండి" అని సలహా ఇచ్చి వెళ్ళాడు. నలభై ఒకటోసారికి తమరు అసలు కదలలేదు. గూటానికి కట్టిన పలుపులా బిగుసుకుపోయారు. నేను ఎడమ మోకాలు కారు మీద మోపి, రెండు చేతులతో పిడి పట్టుకుని, కులదైవాన్ని తలుచుకుని లాగాను. టప్పుమంది. ఆకాశం కనిపించింది.

మేనల్లుడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దగ్గరికొచ్చి, "మామయ్యా, నా కారుతో ఆడుకుంటావా?" అని రిమోట్ నా చేతిలో పెట్టాడు.

తమరి పరివారం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. ఇగ్నైటర్ అనే మహానుభావుడు ఇంట్లో ఉన్నంతసేపూ ఎర్రగా వెలిగిస్తాడు, ఊరు దాటగానే బ్యాటరీ అయిపోయిందంటాడు. గ్లో ప్లగ్ లోపలి తీగ తెగిపోయినా పైకి సుమంగళిలా మెరుస్తూనే ఉంటుంది. విప్పి చూసేదాకా పోయిందని తెలియదు. ఇక చలికాలంలో ఇంజినుకు వెచ్చదనం కావాలట. కొత్త ఇంజినులో స్లీవ్, అంటే పిస్టన్ కదిలే గొట్టం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చల్లగా ఉంటే పిస్టన్ అక్కడికి వెళ్ళి ఇరుక్కుంటుంది, కాబట్టి ముందు హెయిర్ డ్రైయర్‌తో వేడి చేయాలి. చేశాను. దాని నుంచి ఇప్పుడు ఏదో వాసన వస్తోందని మా ఆవిడ ఫిర్యాదు. ఆముదమేగా, జుట్టుకు మంచిదే అంది మా అమ్మ. ఆ తగువులో నేను తలదూర్చలేదు.

ఇవన్నీ చిన్నవి. తమరు తెగినందుకు కూడా నాకు బాధ లేదు, తాళ్ళన్నాక తెగుతాయి. నా బాధ వేరు. రోటో స్టార్ట్ మొరాయిస్తే "బ్యాటరీలో ఛార్జి లేదు" అంటారు. స్టార్టర్ బాక్స్ మొరాయిస్తే "రబ్బరు చక్రం అరిగింది" అంటారు. తమరితో కారు స్టార్టు కాకపోతే మాత్రం అందరూ లాగేవాడి చెయ్యి వంక చూస్తారు. ప్లగ్ పోయిందా, కార్బురెటర్‌లో ఇంధనాన్ని వదిలే సూది మరీ బిగించానా, ఇంధనం తేమ పీల్చిందా, ఇగ్నైటర్ చచ్చిందా, వీటిలో ఏదైనా కావచ్చు. తమరు మాత్రం ఏ సంగతీ నోరు విప్పి చెప్పరు. చుర్రుమని వచ్చి, చుర్రుమని లోపలికి వెళ్ళిపోతారు. మా నాన్న తరం వాళ్ళు బజాజ్ చేతక్‌ను ఒక పక్కకు వంచి, లేపి, కిక్కు కొట్టేవాళ్ళు. అది కదలకపోతే వీధి వీధంతా స్కూటర్‌నే తిట్టేది. కొట్టేవాడి కాలును ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు. ఆ పాటి న్యాయం కూడా తమరి దగ్గర లేదు.

అంతకుముందు సంగతి చూసినా, అసలైన కార్లకు ఈ బాధ ఎప్పుడో తీరింది. ముందు హ్యాండిల్ తిప్పుతుంటే అది ఎదురు తిరిగి చేతులు విరిగేవని, 1912లోనే కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ బృందం తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ బిగించారు. వందేళ్ళు దాటింది. నేనేమో అరచేతి పొడవు లేని ఇంజిను ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు కందించుకుంటున్నాను.

ఇక తమరు, మీరు, గారు నా వల్ల కాదు. నువ్వు విను. నీ పని ఏమిటి? ఒక పిస్టన్‌ను నాలుగు చుట్లు తిప్పడం. ఎంత ఇంజిను అది? 0.18 సైజు. 3 సీసీ కూడా నిండుగా లేదు, చెంచాడు మందు పోస్తే పొర్లిపోతుంది. మా ఊళ్ళో మా బావి గిలక మీద కొబ్బరి తాడు ఇంటిల్లిపాదికీ నీళ్ళు తోడింది. దానికి స్ప్రింగు లేదు, బేరింగు లేదు, 12 అంగుళాల షరతు లేదు. బిందె జారిపడితే తిట్లు తిన్నది, ఎండలో ఎండింది, వానలో నానింది, మళ్ళీ తెల్లవారేసరికి గిలక మీద ఉంది. నువ్వు పెట్టెలోంచి వచ్చి రెండు నెలలు కాలేదు. నిన్ను నమ్మి నేను చెల్లెలి కుటుంబాన్ని పిలిచాను. నిన్ను నమ్మి నాలుగు ఇడ్లీలు వదులుకున్నాను. వెధవ నైలాన్ పోగు, నీకూ ఒక పొగరా!

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చెప్పక తప్పదు కాబట్టి గబగబా చెప్పేస్తాను.

వెంచర్ కాపలాదారు ఒక పెద్దాయన, అప్పటిదాకా కమాను కింద కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. నేను కింద పడ్డాక లేచి వచ్చాడు. వంగి కారును వాసన చూశాడు. "ఆముదం వాసన వేస్తోంది సార్" అన్నాడు. అవునన్నాను. "మా పొలంలో ఆయిలింజను ఉండేది. అది తిరగనంటే తిరగదు. బలవంతం చేశామా, హ్యాండిల్ వెనక్కి కొట్టి మణికట్టు పోయేది. రానప్పుడు లాగకూడదు సార్, దాని కడుపులో ఏముందో చూసుకోవాలి" అన్నాడు.

ఇంకేం చేస్తాను, చూశాను. గ్లో ప్లగ్ విప్పి, కారును తలకిందులు చేశాను. లాగడానికి నువ్వు లేవు కాబట్టి చాసిస్ అడుగున ఉన్న చీలికలోంచి వేలు పెట్టి ఫ్లైవీల్‌ను తిప్పాను. ఆ చీలిక దుమ్ము రాలడానికి పెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. స్టార్టర్ బాక్స్ చక్రం తగలడానికట. రెండో చుట్టుకు ప్లగ్ రంధ్రంలోంచి ఇంధనం పిచికారీలా చిమ్మి మా బావ తెల్ల ప్యాంటు మీద పడింది. మూడో చుట్టుకు మళ్ళీ చిమ్మింది. సిలిండర్ నిండా ఇంధనమే. చట్నీ మాటల్లో పడి నేను పట్టించిందే అది. గాలిని నొక్కగలదు కానీ ద్రవాన్ని పిస్టన్ ఎలా నొక్కుతుంది? అందుకే నువ్వు బిగుసుకున్నావు.

అంటే చెప్పావన్నమాట. నీకు తెలిసిన భాష ఒక్కటే, కదలకపోవడం. నేను మోకాలు మోపాను.

అక్కడే స్టార్టర్ బాక్స్ ఉండి ఉంటే ఏమయ్యేదో రాత్రి ఆలోచించాను. దానికి ఇలాంటి మొహమాటాలు లేవు. లోపల 12 వోల్టుల బ్యాటరీ, కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే లాంటిదే. కారును కిందికి నొక్కితే చాలు, అది తిప్పేస్తుంది. సిలిండర్‌లో నీళ్ళున్నాయా నిప్పులున్నాయా దానికి అనవసరం. బలం చాలకపోతే చక్రం జారుతుంది, చాలితే కనెక్టింగ్ రాడ్ వంగినా వంగుతుంది. పందేల వాళ్ళకు అది కావాలి, నిజమే. మధ్యలో ఇంజిను ఆగితే పక్కనున్నవాడు కారును ఎత్తి బాక్స్ మీద పెట్టి, క్షణాల్లో మళ్ళీ ట్రాక్ మీదికి వదలాలి. అక్కడ నిన్ను పట్టుకుని కూర్చుంటే పందెం అయిపోయి బహుమతులు కూడా పంచేస్తారు. పైగా వాళ్ళ ఇంజిన్లకు వెనకాల నీ డబ్బా బరువు కూడా అక్కర్లేదు. నేను ఏ పందేనికీ వెళ్ళను. ఏనుగు బొమ్మల కమాను దగ్గరి నుంచి మూడో స్తంభం దాకా, మళ్ళీ వెనక్కి. అంతే నా ట్రాక్.

అయినా బాక్స్ ఆర్డర్ పెట్టాను. గురువారం వస్తుందట. బ్యాటరీ వేరుగా కొనాలి, కారు సరిగ్గా కూర్చునేలా మేకులు అటూ ఇటూ జరుపుకోవాలి. చేస్తాను. మేనల్లుడు సంక్రాంతి సెలవులకు మళ్ళీ వస్తున్నాడు. వాడి ముందు మరోసారి ఆకాశం చూసే ఓపిక నాకు లేదు.

ఆర్డర్ పెట్టేశాక ఊరికే కూర్చోలేక నీ డబ్బా నాలుగు మరలూ విప్పాను. లోపల రేకు స్ప్రింగు గడియారంలో చుట్టలా ఉంది. మూత లేపగానే బుస్సుమని లేచి బొటనవేలు కోసింది. అది నీ తరఫున పగ తీర్చుకుందనుకున్నాను, ఏమీ అనలేదు. మళ్ళీ చుట్టి లోపల పెట్టడానికి ముప్పావుగంట పట్టింది. నీ లావుకు సరిపోయే తాడు కోసం ఇల్లంతా వెతికి, చివరికి ఒకటి సంపాదించాను. చివర కాల్చి, ముడి వేసి, పిడి తగిలించాను.

ఇట్లు,
తమ విధేయుడు (కుడి చెయ్యి మినహా)

తా.క. ఇప్పుడే ప్లగ్ బిగించి, ఇంధనం లేకుండా, ఒక్కసారి జానెడు లాగి చూశాను. పిస్టన్ పై చివరికి వెళ్ళి ఇరుక్కోబోయి, వదిలి, దాటింది. ఆ చిన్న పట్టు పిడిలోంచి వేళ్ళకు తెలిసింది. మళ్ళీ లాగాను. మళ్ళీ తెలిసింది. వంటింటి కిటికీ పరదా పైకి వెళ్ళడం లేదేమిటని మా ఆవిడ లోపలి నుంచి కేకేస్తోంది. ఉంటాను.