షాపింగ్ సెంటర్ బాగుకు మన జేబులోంచి పన్ను.. బిల్లులో ఎందుకు కనిపించదు?

2025 జనవరి 1 నుంచి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం కిరాణా సరుకులపై తన అమ్మకం పన్నును పూర్తిగా ఎత్తేసింది. ఒకప్పుడు 6.5 శాతం ఉండేది. 2023లో 4కు, 2024లో 2కు దించి చివరికి సున్నా చేశారు. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతా వైపు ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు కూడా ఇది మంచి ఊరటే. అయినా పాలు, బియ్యం కొని బిల్లు చూస్తే పన్ను ఇంకా కనిపిస్తుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది), సిటీ పన్నులు అలాగే ఉన్నాయి. కొన్ని షాపింగ్ సెంటర్లలోనైతే వాటిపైన మరో పన్ను కూడా పడుతుంది. అది బడికీ పోదు, ఊరి పోలీసులకూ పోదు. మనం నిలబడి ఉన్న ఆ షాపింగ్ సెంటర్‌కు డెవలపర్ పెట్టిన ఖర్చును తిరిగి ఇవ్వడానికి పోతుంది.

దీన్ని వసూలు చేసే ఏర్పాటు పేరు కమ్యూనిటీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. పొట్టిగా సీఐడీ అంటారు. మన దగ్గర ఆ మాటకు పోలీసు విభాగం అని అర్థం, అక్కడ మాత్రం పన్ను వేసే ప్రాంతం. కాన్సస్ 2009లో ఈ చట్టం తెచ్చింది. గరిష్ఠంగా 2 శాతం, 22 ఏళ్ల వరకు వసూలు చేయొచ్చు. పక్కనే ఉన్న మిస్సోరీలో 1998 నుంచే ఉంది, అక్కడ గరిష్ఠం 1 శాతం. టిఫ్ అనే ఇంకో పద్ధతి గురించి చాలామంది వినే ఉంటారు. అందులో ఎలాగూ పెరిగే పన్ను ఆదాయంలో కొంత డెవలపర్ వైపు మళ్లుతుంది. సీఐడీలో కొనేవాళ్ల మీద కొత్త పన్నే పడుతుంది.

2010లో కాన్సస్‌లోని ప్రెయిరీ విలేజ్ సిటీ కౌన్సిల్ రెండు పాత షాపింగ్ సెంటర్లకు, కోరింత్ స్క్వేర్‌కూ ప్రెయిరీ విలేజ్ షాప్స్‌కూ, 1 శాతం చొప్పున ఈ పన్ను ఆమోదించింది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. అలాంటి చోట నెలకు 500 డాలర్లు ఖర్చు పెట్టే కుటుంబం ఏడాదికి 60 డాలర్లు, 22 ఏళ్లకు 1,320 డాలర్లు కడుతుంది. కాన్సస్‌లో ఈ పన్ను కావాలని అడిగేది స్థలం యజమానులు. బహిరంగ విచారణ ఉంటుంది, పత్రికలో ప్రకటన వేస్తారు, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు కూడా వెళ్తాయి. కానీ ఆ నోటీసులు వెళ్లేది ఆ ప్రాంతంలో ఆస్తి ఉన్నవాళ్లకే. రేపటి నుంచి రోజూ పన్ను కట్టబోయే గృహిణికి ఏ ఉత్తరమూ రాదు.

మిస్సోరీలోని కొలంబియాలో 2015లో జరిగింది చూస్తే అసలు రోగం ఎక్కడుందో తెలుస్తుంది. బిజినెస్ లూప్ 70 అనే రోడ్డు వెంట ఒక సీఐడీ ఏర్పాటు చేశారు. ప్రాంతంలో రిజిస్టరైన ఓటరు ఒక్కరు కూడా లేకపోతే అమ్మకం పన్నుపై ఓటు హక్కు స్థలం యజమానులకే ఉంటుంది. అందుకే నివాసాలు తగలకుండా సరిహద్దు గీశారు. తీరా చూస్తే ఒక యూనివర్సిటీ విద్యార్థిని ఓటు ఆ గీత లోపలే ఉంది. అర శాతం పన్ను వేయాలా వద్దా అన్నది ఆ ఒక్క అమ్మాయి చేతిలో ఉందని దేశమంతా వార్తలొచ్చాయి. తర్వాత ఇంకొందరు ఓటర్లు కూడా బయటపడ్డారు. డిసెంబరులో ఓటింగ్ జరిగితే 4-3తో పన్ను నెగ్గింది. ఏడుగురు ఓట్లు వేశారు, పన్ను మాత్రం ఆ రోడ్డు మీద కొనే ఊరందరి మీదా పడింది. ఇదంతా చట్టం ప్రకారమే జరిగింది. నాకు బాధ కలిగించేది సరిగ్గా అదే.

అప్పటి మిస్సోరీ స్టేట్ ఆడిటర్ నికోల్ గాలోవే 2017లో రవాణా డిస్ట్రిక్టుల (రోడ్ల లాంటి పనుల కోసం ఇలాగే అమ్మకం పన్ను వేసే ప్రాంతాలు) మీద, 2018లో సీఐడీల మీద నివేదికలు ఇచ్చారు. చాలాచోట్ల డిస్ట్రిక్టును నడిపే పాలకమండలి డెవలపర్ చేతుల్లోనే ఉందని, పర్యవేక్షణ సరిగా లేదని ఎత్తిచూపారు. 2021లో చట్టం మార్చి కాలపరిమితి, ఆడిట్ లాంటి షరతులు పెట్టారు. మంచిదే. కానీ ఆడిట్ రిపోర్టు వచ్చేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

ఈ పన్నులన్నీ రద్దు చేయాలని నేను అనడం లేదు. ఆన్‌లైన్ కొనుగోళ్ల దెబ్బకు ఖాళీ అవుతున్న సెంటర్లు పాడుబడితే చుట్టూ ఉన్న ఇళ్ల విలువ పడిపోతుంది, సిటీ ఆదాయం తగ్గుతుంది. పార్కింగ్, లైట్లు, డ్రైనేజీ బాగుపడితే లాభం అందరికీ. కానీ ఆ ఖర్చును డెవలపర్ అద్దె పెంచి ఎందుకు రాబట్టుకోరు? అద్దె పెంచితే షాపు యజమాని వెంటనే నిలదీస్తాడు, బేరమాడతాడు, అవసరమైతే ఖాళీ చేసి వెళ్తాడు. పన్ను రూపంలో వస్తే అడిగేవాడు ఉండడు, ఎందుకంటే కట్టేవాడికి కడుతున్నట్టే తెలియదు. తెలియకపోవడం మీదే ఈ పద్ధతి సాఫీగా నడుస్తోంది.

మిస్సోరీలో రవాణా డిస్ట్రిక్ట్ పన్ను ఉన్న షాపుల్లో క్యాష్ కౌంటర్ దగ్గర దాని రేటు కనబడేలా పెట్టాలన్న నిబంధన ఉంది. అప్పటికే బండి నిండా సరుకు వేసుకుని, వెనక పదిమంది క్యూలో ఉండగా ఆ బోర్డు చదివి ఎవరు వెనక్కి వెళ్తారు? బోర్డు ఉండాల్సింది పార్కింగ్‌లోకి మలుపు తిరిగే చోట. అంతకన్నా ముఖ్యంగా బిల్లులో ఉండాలి. హైదరాబాద్‌లో హోటల్ బిల్లు తీసుకున్నా సీజీఎస్‌టీ ఎంత, ఎస్‌జీఎస్‌టీ ఎంత అని విడివిడిగా ఉంటుంది. ఎవరి వాటా ఎంతో చిన్న పిల్లాడు కూడా చదివి చెప్పగలడు. అక్కడ ఎన్నో షాపుల్లో రాష్ట్రం, కౌంటీ, సిటీ, సీఐడీ అన్నీ కలిపి "ట్యాక్స్" అని ఒకే అంకె వేస్తారు. కంప్యూటర్ బిల్లింగ్ ఉన్న రోజుల్లో ఒక్క వరుస అదనంగా అచ్చేయడం కష్టమంటే నేను నమ్మను.

అలాగే ఇప్పటివరకు ఎంత వసూలైంది, దేనికి ఖర్చు పెట్టారు, ఇంకా ఎంత బాకీ ఉందన్న మూడు అంకెలను సిటీ ప్రతి ఏడాదీ ఆ సెంటర్ గేటు దగ్గరే అంటించాలి. పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేసిన రోజునే పన్ను ఆగాలి, 22 ఏళ్లు నిండేదాకా సాగకూడదు. ఈలోగా అక్కడి మనవాళ్లు చేయగలిగింది ఒకటుంది. కాన్సస్ ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద సిటీ క్లర్క్‌కు ఒక ఈమెయిల్ పెట్టి, మీరు రోజూ వెళ్లే సెంటర్ సీఐడీ ఒప్పందం, ఇప్పటివరకు జరిగిన చెల్లింపుల లెక్క అడగండి. మూడు పనిదినాల్లో వాళ్లు స్పందించాలి. మిస్సోరీలో సన్‌షైన్ చట్టం కింద కూడా గడువు అంతే.